చీపురుకన్నా ముందు కుర్చీ ఇచ్చిన అక్క

ఈ వేసవిలో మా ఆడపడుచు దోహా నుంచి వస్తుంటే తీసుకురావడానికి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు వెళ్ళాను. ప్రయాణికులు బయటికొచ్చే ద్వారం ఎదురుగా స్టీలు కుర్చీల వరుసలో ఒక అమ్మాయి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. శుభ్రం చేసే సిబ్బంది వేసుకునే నీలం కోటు వేసుకుంది, ఇంకా మడతలు కూడా పోని కొత్త కోటు. డ్యూటీలో ఉండగా ఆ కోటుతో కూర్చుంటే ఎంత గొడవవుతుందో నాకు తెలుసు. నేను ఆ పనిలోనే నాలుగేళ్ళు షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా ఉన్నాను. కానీ పక్కనే నిలబడ్డ సూపర్‌వైజర్ ఆ అమ్మాయిని ఏమీ అనడం లేదు.

వెళ్ళి ఆమెనే సంగతి అడిగాను.

"మొదటి రోజు మేడం. కొత్తోళ్లను గంటసేపు గిట్ల కూసోబెడ్తం. వచ్చేటోళ్లను చూడాలె. ఆ తర్వాతనే పని," అంది సూపర్‌వైజర్.

ఈ పద్ధతి ఎవరు పెట్టారని అడిగితే ఆమెకు తెలియదు. తను చేరేనాటికే ఉందట. ఎవరు పెట్టారో నాకు తెలుసు కాబట్టి నా కాళ్ళు నేల మీద నిలవలేదు. మా ఆడపడుచు ట్రాలీ తోసుకుంటూ నా ముందు నుంచే వెళ్ళిపోయినా గమనించలేదట. తర్వాత వారం రోజులు ఇంట్లో అదే చెప్పి నవ్వారు.

ఆ సాయంత్రమే, ఆ పద్ధతి పెట్టిన మనిషికి ఫోన్ చేశాను. మోకాళ్ళు మొరాయించాక పని మానేసి, ఆమె మంఖాల్‌లో చెల్లెలింటి దగ్గర ఉంటోంది. నేను ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పాను. "చూసినంక మంచిగ తుడిచిందా లేదా?" అంది. అది మాత్రం నేను చూడలేదన్నాను. "ఇగ ఏం చూసినవ్ మరి," అని ఫోన్ పెట్టేసింది.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే చదివించుకుని విని కోప్పడుతుంది. ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు పెళ్ళయింది, ఇవేవీ నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మా ముప్పై మంది ఆడవాళ్ళూ ఆమెను అక్క అనేవారు. ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా అంతే.

ఎయిర్‌పోర్టు కొత్తగా తెరిచిన ఏడాది నేను ఆ కాంట్రాక్టు కంపెనీలో చేరాను. మాది కాకినాడ. నాన్న బ్యాంకు ఉద్యోగం వల్ల దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవాళ్ళం. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. చేతిలో హాజరు పట్టిక, నోట్లో నిబంధనలు. నా షిఫ్టులో దాదాపు అందరూ శంషాబాద్ పక్కనే ఉన్న ఒక ఊరి నుంచీ, దాని చుట్టూ ఉన్న గూడేల నుంచీ వచ్చేవారు. నాట్లు వేసిన చేతులు, కలుపు తీసిన చేతులు. యంత్రంతో నేల రుద్దడం వాళ్ళకూ కొత్తే, వాళ్ళ చేత రుద్దించడం నాకూ కొత్తే.

మొదటి వారంలోనే నాకొకటి అర్థమైంది, అది నాకు బొత్తిగా నచ్చలేదు. నేనేదైనా పని చెప్తే అందరూ ముందు ఆమె వైపు చూసేవారు. ఆమె తల ఊపితేనే కదిలేవారు. ఆమెకు ఎవరూ పదవి ఇవ్వలేదు. వాళ్ళలో తనూ ఒకతె, అంతే. పొడవైన మనిషి, చీర కుచ్చిళ్ళు పైకి దోపి, మీద ఆ నీలం కోటు వేసుకుంటే ఎక్కడున్నా కనిపించేది. నేల రుద్దే పెద్ద యంత్రాన్ని దున్న అనేది. దాని వీపు మీద చరిచి, జర మెల్లగ పోరాదే అని దాన్ని బతిమాలేది. చదువు రాదన్న సంగతి బయటపడకుండా పని చార్టును తలకిందులుగా పట్టుకుని గంభీరంగా చూసేది. పక్కవాళ్ళు గమనించి మెల్లగా తిప్పి పెట్టేవారు.

నేల తుడిచాక పరీక్షించే తీరు ఇంకా విచిత్రం. మోకాళ్ళ మీద కూలబడి, చెంప బండకు ఆనించి, ఒక కన్ను మూసి వెలుతురు వైపు చూసేది. నిలబడి చూస్తే కనిపించని చారలు అలా చూస్తే కనిపిస్తాయట. ఒకసారి ఒక పెద్దాయన ఆమె స్పృహ తప్పి పడిపోయిందనుకుని నీళ్ళ సీసా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఆమె లేవకుండానే, కాలు జర అటు పెట్టుండ్రి బాపూ, మీ నీడ పడ్తున్నది అంది.

కుర్చీ సంగతి నాకు తెలిసింది చేరిన రెండో నెలలో. ఆ రోజు కొత్తగా ఒక అమ్మాయి చేరింది, పేరు యాదమ్మ. ఇరవై ఏళ్ళుంటాయి. ఏది అడిగినా తల దించుకుని గొంతులోనే గొణిగేది. పని మొదలై అరగంటైనా మనిషి కనిపించలేదు. వెతుకుతూ వెళ్తే బయటికొచ్చే ద్వారం ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన అక్క నిలబడి ఉంది. నేను మండిపడ్డాను. మొదటి రోజే కూర్చోబెడితే ఇంకేం పని నేర్చుకుంటుందని అడిగాను. ఆమె తడుముకోలేదు.

"మీరు గూడ కూసోండ్రి మేడం. జర సేపు."

ఎంతసేపు కూర్చోబెడుతుందో చూద్దామన్న పంతంతో కూర్చున్నాను. అప్పుడే ఏదో గల్ఫ్ విమానం దిగింది. తాళ్ళతో కట్టిన అట్టపెట్టెలు, దుప్పట్ల మూటలు బయటికొస్తున్నాయి. ముప్పై ఐదేళ్ళ మనిషి ఒకడు ట్రాలీ వదిలేసి గబగబా వచ్చాడు. ఎదురుగా ఒక ముసలామె, ఆమె వెనక నాలుగేళ్ళ పాప. పాప అతన్ని చూసి ముసలామె కొంగులో దాక్కుంది. తండ్రిని గుర్తుపట్టలేదు. బహుశా ఎప్పుడూ చూసి ఉండదు.

అతను ఇంకో అడుగు వేయలేదు. ఉన్నచోటే గొంతుకూర్చున్నాడు. రెండు అరచేతులూ నేల మీద ఆనించి, తల కొంచెం వంచి, అలాగే ఉండిపోయాడు. పిలవలేదు, చేతులు చాచలేదు. చుట్టూ జనం ట్రాలీలు తిప్పుకుని పోతున్నారు. చాలాసేపటికి పాప కొంగు వదిలింది. ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి, నేల మీదున్న అతని చేతి మీద తన చెయ్యి పెట్టింది.

నా కళ్ళు మసకబారాయి. పక్కకు చూస్తే యాదమ్మ నోటికి పైట అడ్డం పెట్టుకుని ఉంది. అక్క వంగి ఆమె చెవి దగ్గర మెల్లగా అడిగింది.

"ఆయన చేతులు ఏడ పెట్టిండో చూసినవా? గా బండలు రేపటి సంది నీయి."

యాదమ్మ లేచి వెళ్ళి గుడ్డ తెచ్చుకుంది. నేను చూస్తుండగా ఆ రోజు ఆ చోటు మూడుసార్లు తుడిచింది. నేను మూడు రోజుల శిక్షణలో చెప్పలేనిది ఆమె గంటలో చెప్పింది, అదీ రెండు మాటల్లో. కోపం పోయింది కానీ, అసూయ వెంటనే పోలేదు. ఉన్నమాట చెప్పాలి కదా. ఆ తర్వాత కొత్తవాళ్ళు వచ్చినప్పుడల్లా నేను ఆ వైపు వెళ్ళకుండా పట్టికలో తల దూర్చేదాన్ని. కుర్చీ విషయం నాకు తెలియనట్టే నడిచిపోయింది.

ఆమెను దేవతను చేసి చెప్పడం నాకిష్టం లేదు. ఆమెతో పనిచేయడం అంత తేలికేమీ కాదు. తిట్టేది. తన పద్ధతి తప్ప వేరే పద్ధతి లేదనుకునేది. అన్నిటికన్నా పెద్ద చిక్కు, ఆమె మాట కాదనడం ఎవరివల్లా అయ్యేది కాదు. భయం వల్ల కాదు, ఆమె ముఖం చిన్నబోతే చూడలేక. ఆ సంగతి ఆమెకు తెలియదు. తెలిసిన రోజు మాత్రం బాగా దెబ్బ తగిలింది.

రెండో ఏడు ఎండాకాలంలో సెలవులు పెట్టినవాళ్ళు ఎక్కువై చేతులు చాలలేదు. ఆమె ఇంటింటికీ తిరిగి, జర రాండ్రి అని పిలిచింది. యాదమ్మ వచ్చింది. పొద్దున్న పదింటికి బకెట్ పక్కన కుప్పకూలింది. ఒళ్ళు పట్టుకుంటే కాలిపోతోంది. మూడు రోజులుగా జ్వరమట. ఎందుకొచ్చావంటే, అక్క అడిగిందని అంది. ఆటోలో దవాఖానకు తీసుకెళ్తూ నేను అక్కను నిలదీశాను. మీ మాట కాదనలేక ఈ పిల్ల ప్రాణం మీదికి తెచ్చుకుందని అన్నాను. ఆ పగలంతా ఆమె యాదమ్మ మంచం పక్కన కింద కూర్చుంది. నీళ్ళు కూడా తాగలేదు.

మర్నాడు పొద్దున్న షిఫ్ట్ మొదలయ్యే ముందు అందరినీ నిలబెట్టి చెప్పింది.

"యాదమ్మ జరమొచ్చిందని నాకు చెప్పలేకపోయింది. అది దాని తప్పు కాదు, నా తప్పు. ఇగ నేను రమ్మంటే రాను అనుడు గూడ నేర్చుకోండ్రి."

ముప్పై మంది ముందు తప్పు ఒప్పుకున్న అధికారిని నేను ఆ కంపెనీలో చూడలేదు, నాతో సహా. ఆ రోజు నుంచి నా అసూయ సగం తగ్గింది.

మిగిలిన సగం పోయిన రోజు గురించి చెప్పాలి. ఆ రోజు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కూర్చున్నచోట కూర్చోబుద్ధి కాదు.

శ్రావణమాసంలో ఒక ఆదివారం. వాళ్ళ ఊళ్ళో బోనాలు. సాయంత్రం చీకటి పడకముందే బోనాలు ఎత్తాలి. అందరూ పొద్దున్నుంచి ఏమీ తినకుండా ఒక్క పొద్దు ఉన్నారు. మధ్యాహ్నం రెండింటికి షిఫ్ట్ అయిపోగానే ఉరుకులు పరుగులతో కంపెనీ బస్సెక్కారు. అక్క కిటికీ పక్కన కూర్చుంది, ఒళ్ళో సంచి, సంచిలో ఆ సాయంత్రం కట్టుకోవడానికి కొన్న పసుపుపచ్చ చీర. ఆ చీరను పొద్దున్నే అందరికీ చూపించింది, నాకు కూడా.

అక్కడే వచ్చింది చిక్కు. బెంగళూరు, చెన్నై వైపు గాలివానలని విమానాలు ఒకదాని వెనక ఒకటి ఇక్కడ దించుతున్నారు. లోపల ఇసుక వేస్తే రాలనంత జనం. మా దగ్గర కూడా పొద్దున కురిసిన వానకు ఆరాంఘర్ దగ్గర రోడ్డు మునిగి, నగరం నుంచి వచ్చే తర్వాతి షిఫ్టు వాళ్ళ బస్సు నీళ్ళలో ఆగిపోయింది. వాళ్ళు ఎప్పటికొస్తారో తెలియదు.

నేను పరుగెత్తుకెళ్ళి బస్సు మెట్టు మీద నిలబడ్డాను. తర్వాతి షిఫ్టు రాకుండా వెళ్ళకూడదని నిబంధన ఉందని చెప్పాను. ఎవరూ కదల్లేదు. వెళ్ళినవాళ్ళకు గైర్హాజరు వేస్తానన్నాను. వెనక సీట్లో ఎవరో, వేసుకోండ్రి మేడం, అమ్మవారి కన్నా ఎక్కువనా అంది. మరో రోజు సెలవిస్తానని బతిమాలాను. వాళ్ళు కిటికీల్లోంచి బయటికి చూస్తున్నారు. ఏడాదికొక్కసారి వచ్చే పండుగ, తప్పు వాళ్ళది కాదని నాకు తెలుసు.

అప్పుడు అక్క అడిగింది.

"లోపల ఎవరున్నరు మేడం?"

"పది పన్నెండు విమానాలు వచ్చాయండి. వాటిలో వాళ్ళంతా..."

"విమానాలు కాదు. ఎవరున్నరు?"

ఆమె సంచి పక్కసీటు మీద పెట్టి దిగింది. నా చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది.

లోపల నిలబడే చోటు లేదు. పిల్లలు నేల మీదే వాంతులు చేసుకున్నారు. మరుగుదొడ్ల ముందు వరుస హాలు మధ్యదాకా సాగింది. ఆమె దేన్నీ ముట్టుకోలేదు, మెల్లగా ముఖాలు చూసుకుంటూ నడిచింది. ఒక గోడ దగ్గర ఆగింది. అక్కడ కూర్చున్న ఒక ముసలామె వైపు కాసేపు చూసింది. వంగి ఏదో అడిగింది. ముసలామెకు తెలుగు రాదు. కానీ అక్కకు సంగతి అర్థమైంది. లేచి, నా వైపైనా చూడకుండా, బస్సు దగ్గరికి తిరిగి నడిచింది. నేను వెనకే పరుగెత్తాను.

బస్సు ఎక్కలేదు. కింద నిలబడే చెప్పింది. గొంతు పెంచలేదు.

"లోపల ఒక అవ్వ ఉన్నది. మన భాష రాదు. బాత్రూం కాడ గంటసేపు లైన్ల నిలబడి, ఆపుకోలేక కోక ఖరాబ్ చేసుకున్నది. లేస్తే అందరికి కనబడ్తదని గోడకు ఆనుకొని కూసున్నది. పక్కన మనుమడున్నడు, వానికి గూడ చెప్తలేదు."

అక్క చీర కుచ్చిళ్ళు మళ్ళీ పైకి దోపుకుంది.

"నేను అవ్వ కాడికి పోతున్న. పసిపిల్లల తల్లులు, పానం బాగలేనోళ్లు దిగొద్దు. దిగితే నేను ఊకోను. కడమోళ్లు మీ ఇష్టం. ఇంటికి పోయినా తప్పు లేదు, పండుగ పండుగనే."

చెయ్యి చాచి కిటికీలోంచి తన సంచి అందుకుంది. వెనక్కి చూడకుండా నడిచింది. నేను బస్సు దగ్గరే నిలబడి ఆమె వీపు చూస్తున్నాను. ఒక్కరైనా దిగుతారా అనుకున్నాను. మొదట ఒక చెప్పుల చప్పుడు. తర్వాత ఇంకొకటి. తర్వాత లెక్కపెట్టలేకపోయాను. కొంగులు నడుముకు బిగించుకుంటూ, కోట్లు మళ్ళీ తొడుక్కుంటూ ఒకరి వెనక ఒకరు దిగి ఆమె వెనక నడిచారు. ఆమె దిగొద్దన్న ఎనిమిది మందే బస్సులో మిగిలారు. ఆ మధ్యే మళ్ళీ జబ్బుపడి లేచిన యాదమ్మ వాళ్ళలో ఒకతె. బస్సు కదులుతుంటే కిటికీలోంచి సగం బయటికి వంగి అరిచింది. మీ అందరి బోనాలు మేం వండుతం, మీరు రాండ్రి అని. ఆ పిల్లకు అంత గొంతుందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ రెండున్నర గంటలు ఎలా గడిచాయో చెప్పమంటే చెప్పలేను. ఎవరూ ఎవరికీ పని చెప్పలేదు. నీళ్ళు మోసేవాళ్ళు మోశారు, కడిగేవాళ్ళు కడిగారు. నేను పట్టిక ఎక్కడో పడేసి మాప్ పట్టుకున్నాను. తుడుస్తున్నరా మేడం, ముగ్గేస్తున్నరా అని ఒకామె నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వుతో ఒంట్లోకి ఎక్కడలేని ఓపికా వచ్చింది.

అక్క ఆ ముసలామె చుట్టూ తన కోటు కప్పి, సిబ్బంది స్నానాల గదికి నడిపించుకెళ్ళింది. అరగంట తర్వాత ఇద్దరూ బయటికొచ్చారు. ముసలామె ఒంటి మీద పసుపుపచ్చ చీర, పాత చీర ఉతికి పిండి కవరులో. ఒకరు కన్నడంలో, ఒకరు తెలుగులో తమ పాటికి తాము మాట్లాడుకుంటున్నారు. ఏం అర్థమైందో ఇద్దరూ పడీపడీ నవ్వారు. ముసలామె అక్క ముఖం రెండు చేతులతో తడిమి, తన కణతల దగ్గర మెటికలు విరిచింది.

నాలుగున్నరకు ఆరాంఘర్ దగ్గర నీళ్ళు తగ్గి తర్వాతి షిఫ్టు వచ్చింది. మా బస్సు కూడా తిరిగొచ్చింది. రమ్మని ఎవరూ అడగకపోయినా నేనూ ఎక్కాను. దారి పొడుగునా పాటలు. ఒక్క పొద్దు నోళ్ళతో, అలసిన ఒళ్ళతో ఎలా పాడారో తెలియదు.

ఊరి మొదట్లోనే డప్పులవాళ్ళు ఎదురుచూస్తూ నిలబడ్డారు. ఆడవాళ్ళు ఇళ్ళలోకి ఉరికి తలకు నీళ్ళు పోసుకుని వచ్చారు. యాదమ్మ వాకిట్లో పసుపు, సున్నం పూసిన కుండలు వేపాకులతో వరుసగా ఉన్నాయి. ఎనిమిది మంది కలిసి అందరి బోనాలూ వండారు. అక్కకు కట్టుకోవడానికి కొత్త చీర లేదు. యాదమ్మది ఉతికిన చీర ఒకటి చుట్టుకుని వచ్చింది.

అప్పుడు ఊరి పెద్దమనిషి ఒకాయన ముందుకొచ్చాడు. కోపంగా కాదు, చాలా నెమ్మదిగానే చెప్పాడు. ఎయిర్‌పోర్టుల ఏం కడిగొచ్చిండ్రో అందరికి తెలిసిందే, నీళ్ళు పోసుకున్నంత మాత్రాన ఆ అంటు పోదు, ఈ ఏడు పక్కకు నిలబడి మొక్కుకోండి, వచ్చే ఏడు ఎత్తండి అన్నాడు. డప్పులు ఆగిపోయాయి.

నేను అక్క వైపు చూశాను. ఎవరికైనా ఇట్టే మాట అప్పజెప్పే మనిషి. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. ఇప్పుడు తల దించుకుంది. నేను ఆమెను అలా ఎన్నడూ చూడలేదు. వెనకున్న ఇరవై రెండు తలలూ దిగిపోయాయి.

యాదమ్మ జనంలోంచి వచ్చి ఆయన ముందు నిలబడింది. చేతుల్లో బోనం, దాని మీద దీపం.

"పెద్దయ్యా, మీ అమ్మ మంచంల పడ్డనాడు ఎవరు కడిగిండ్రు?"

ఆయన చూపు ఆడవాళ్ళ గుంపు వైపు తిరిగింది.

"మీ ఇంటామె కడిగింది. రెండేండ్లు కడిగింది. ఆ రెండేండ్లు అందరికన్న ముందల బోనం ఎత్తుకొని నడిచింది. మేము ఆమె వెనకాల నడిచినం. ఎవరికీ అంటు కాలే. ఈ అక్క గూడ ఒక ముసలితల్లినే కడిగొచ్చింది."

గాలికి దీపం రెపరెపలాడింది. ఆడవాళ్ళ గుంపులోంచి నెరిసిన జుట్టున్న ఒకావిడ బయటికొచ్చింది. ఆ పెద్దమనిషి భార్య. భర్త వైపు చూడలేదు. అక్క తల మీద చుట్టకుదురు సర్ది, యాదమ్మ చేతుల్లోంచి బోనం అందుకుంది. తనే ఎత్తి బోనం తల మీద పెట్టింది. ఆయన కాసేపు భార్యను చూశాడు. తర్వాత డప్పులవాళ్ళకు చెయ్యి ఊపి, పక్కకు తప్పుకున్నాడు.

డప్పులు ఒక్కసారిగా మోగాయి. ఒక్కొక్కరూ బోనం ఎత్తుకున్నారు. నా చేతిలో ఎవరో వేపకొమ్మ పెట్టారు, నేనూ నడిచాను. ముందు వరుసలో అక్క ఏడుస్తోంది, ఆగకుండా ఏడుస్తోంది. రెండు చేతులూ బోనం పట్టుకుని ఉన్నాయి, కళ్ళు తుడుచుకోవడానికి లేదు. యాదమ్మ పక్కనే నడుస్తూ, అమ్మవారి గడప దాకా, తన కొంగుతో ఆమె ముఖం తుడుస్తూనే ఉంది.